21 మిలియన్ల సిరాచుక్క

2024 మే రెండో వారాంతంలో హైదరాబాదు నుంచి బెజవాడ వచ్చే దారిలో, పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరాయి. సంక్రాంతికి ఏటా కనిపించే దృశ్యమే. ఈసారి మాత్రం ఇంటి దగ్గర ఎదురుచూస్తున్నవి అరిసెలు కాదు, పోల్ చీటీలు. విమానమెక్కి వచ్చినవాళ్లూ ఉన్నారు. ప్రవాస ఓటరు పాస్‌పోర్టు పట్టుకుని సొంతూరి పోలింగ్ బూత్‌లో నిలబడాల్సిందే, డాలస్‌లో కూర్చుని నొక్కుతానంటే కుదరదు. 13న ఆంధ్రప్రదేశ్ పోలింగు కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటినా సాగింది. రాష్ట్రం మొత్తం మీద 81 శాతం దాటింది. అదే ఏడాది నవంబరు ఎన్నికల్లో అమెరికా 64 శాతం దగ్గర ఆగిపోయింది.

మన పోలింగు జరిగిన తొమ్మిది నెలలకు, 2025 ఫిబ్రవరి 16న, ఎలాన్ మస్క్ నడిపించిన అమెరికా ప్రభుత్వ విభాగం ‘డోజ్’ ఒక పొదుపు జాబితా బయటపెట్టింది. అందులో భారతదేశంలో ఓటింగు పెంచడానికి ఉద్దేశించిన 21 మిలియన్ డాలర్లు రద్దయ్యాయి. మన లెక్కలో సుమారు 182 కోట్లు! 64 వాడు 81 వాడికి ట్యూషన్ చెప్పబోయి, ఫీజు తనే కట్టబోయి, ఆఖర్న మానుకున్నాడన్నమాట.

గవర్నర్‌పేటలో ఒక టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన పేపరు మడిచి, “మన వాటా ఎవడు తిన్నాడ్రా?” అన్నాడు. “ముందు రావాలిగా బాబాయ్, తినడానికి!” అన్నాడు టీ వడపోస్తున్న కుర్రాడు.

కుర్రాడి మాటే నిజానికి దగ్గర. ఆ 21 మిలియన్లు 2022లో బంగ్లాదేశ్ కోసం మంజూరైనవని ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ తవ్వి రాసింది. మన ఆర్థిక శాఖ వార్షిక నివేదికలో అమెరికా సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ పథకాలు ఏడు కనిపించాయి, ఓటింగు పథకం మాత్రం ఒక్కటీ లేదు. ట్రంప్ మాత్రం అంతకుముందే అందుకున్నారు. భారతదేశంలో ఇంకెవరినో గెలిపించాలని చూశారేమోనని అనుమానం వదిలారు. ఢిల్లీలో రెండు పక్షాలూ ఆ అనుమానాన్ని ఆవకాయ ముక్కలా చెరోవైపు లాక్కున్నాయి.

పరాయి దేశపు ఆశీర్వచనం ఎటు తిరుగుతుందో బెజవాడకు 1955లోనే తెలుసు. ఆంధ్ర రాష్ట్రంలో ఫిబ్రవరి ఎన్నికలు. కమ్యూనిస్టు పత్రిక ‘విశాలాంధ్ర’ అచ్చయ్యే ఊళ్లో కామ్రేడ్లు అధికారం అందినట్టే అనుకున్నారు. సరిగ్గా ఆ జనవరిలో మాస్కోలోని సోవియట్ పార్టీ పత్రిక ‘ప్రావ్దా’ సంపాదకీయం నెహ్రూ విధానాలను మెచ్చుకుంది. కాంగ్రెసు వాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? దాన్ని అచ్చేయించి పంచిపెట్టారు. మీ గురువులే మా నాయకుణ్ణి పొగుడుతుంటే ఇక మీరెందుకు, అని అడిగారు. మాస్కోలో వాన పడితే ఇక్కడ గొడుగు పడతారని కామ్రేడ్ల మీద పాత ఎగతాళి ఉండేది. ఆ యేడు వాన మాస్కోలోనే కురిసింది, తడిసింది మాత్రం బెజవాడ.

196 స్థానాల్లో కమ్యూనిస్టులకు దక్కినవి 15. ఓట్లు మాత్రం 31 శాతం వచ్చాయి, కాబట్టి నేరమంతా ‘ప్రావ్దా’ మీదకే తోసేస్తే అన్యాయం. ప్రధాన ప్రత్యర్థులు ఒకే కూటమి కట్టడం అసలు దెబ్బ. గన్నవరంలో మాత్రం వాళ్ల నాయకుడు సుందరయ్య గెలిచారు. మాస్కోకి ఆ పదిహేను కంటే పెద్ద పనులున్నాయి. భిలాయి ఉక్కు కర్మాగారం ఒప్పందం మీద సంతకాలు పడిందీ ఆ ఫిబ్రవరిలోనే. ఏడాది చివర సోవియట్ నాయకులు బుల్గానిన్, క్రుశ్చేవ్ వచ్చి నెహ్రూ పక్కన నిలబడి దండలు వేయించుకున్నారు.

టీకొట్టు పెద్దాయనకు ఇవేవీ పట్టలేదు. ఆయన కొడుకు ఓటేయడానికే డాలస్ నుంచి వచ్చి, వేలి మీద సిరా ఆరకముందే తిరుగు విమానం ఎక్కాడట. “రానూపోనూ టికెట్టు లక్షన్నర. ఓటింగు పెంచడానికి మావాడు పెట్టిన ఖర్చు ఇది. ఆ మస్క్‌కి బిల్లు పంపితే పాసు చేస్తాడంటావా?” అని అడిగాడు, రెండో టీ అప్పు రాయించుకుంటూ.