నేను ప్రకాశం బ్యారేజీ నీటిమట్టం స్కేలును

కృష్ణమ్మ ఎన్ని అడుగులు ఎక్కిందో చెప్పడమే నా పని. 1855 నాటి పాత ఆనకట్ట 1952లో తెగాక, 1957కల్లా 70 గేట్లతో ఈ బ్యారేజీ లేచింది. దాని గోడ మీద గీతలుగా నేను వెలిశాను. పక్కనే ఇంద్రకీలాద్రి, దాని మీద కనకదుర్గమ్మ గుడి. కృష్ణ నీరు ఆ అమ్మవారి ముక్కుపుడకను తాకుతుందని పోతులూరి వీరబ్రహ్మంగారు కాలజ్ఞానంలో చెప్పారని జనం నమ్మకం. 2009 అక్టోబరులో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడూ, 2024 సెప్టెంబరులో 11.43 లక్షలతో ఆ లెక్కను మించినప్పుడూ ఆ మాటే వినబడింది. కొలతే బతుకైన దాన్ని కనుక నాకొక్కటే సందేహం: ఆ మాట తప్పిందని ఏ రోజున ఒప్పుకుంటారు? ఎత్తు చెప్పి గడువు చెప్పని జోస్యం ఎన్నటికీ ఓడదు. ఓడే వీలే లేనిది గెలిచిందనడం ఎలా? పైగా ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య సందు దాటితే అంతా చదును నేల. నీరు గుడి ఎత్తుకు లేవకముందే డెల్టా మీద పరుచుకుని సముద్రం దారి పడుతుంది. శ్రీశైలం, సాగర్ ఆనకట్టలు ఒకేసారి తెగితే అంటారా? ఘోర విపత్తే, కాదనను. కానీ ఆ షరతు చేర్చింది మనం, బ్రహ్మంగారు కాదు. కాలజ్ఞానమే నోటి నుంచి నోటికి, తాటాకు నుంచి అచ్చుకు అనేక పాఠాలుగా వచ్చింది. ఏ వాక్యం ఎప్పుడు చేరిందో తేల్చకుండా ‘ముందే చెప్పారు’ అనడం తొందరపాటు.

ఈ చిక్కు మనదొక్కటే కాదు. తూరు పట్టణాన్ని బబులోను రాజు నెబుకద్రెజరు కూలుస్తాడనీ, అది మళ్లీ కట్టబడదనీ బైబిల్లో యెహెజ్కేలు 26వ అధ్యాయం చెబుతుంది. అంత కష్టపడ్డా అతనికి తూరు నుంచి జీతమేమీ దక్కలేదని అదే గ్రంథం 29వ అధ్యాయం చెబుతుంది. (అనుకున్నట్టు జరగలేదని తన పుస్తకంలోనే రాసుకున్న ఆ నిజాయితీ నాకు నచ్చింది.) క్రీ.పూ. 332లో అలెగ్జాండరు సముద్రంలోకి గట్టు వేసి ద్వీపంగా ఉన్న ఆ పట్టణాన్ని పట్టాడు. జోస్యంలో అనేక జనాల ప్రస్తావన ఉంది కనుక అతనూ అందులోకే వస్తాడని సమర్థకుల వాదన. సరే, వస్తాడు. మరి మళ్లీ కట్టబడదన్న మాటో? లెబనాన్‌లో సూర్ పేరుతో ఉన్న ఆ ఊళ్లో ఈనాటికీ జనం కాపురముంటున్నారు.

జోస్యం లెక్క కాదు, హెచ్చరిక అన్నదే ఇందులో బలమైన వాదన. నీనెవె 40 రోజుల్లో నాశనమవుతుందని బైబిల్లోనే యోనా ప్రవక్త చాటాడు. జనం పశ్చాత్తాపపడ్డారు, ఊరు అప్పటికి నిలిచింది. దీన్ని నేను ఒప్పుకుంటాను. కానీ అప్పుడు జరగకపోవడమే జోస్యానికి సార్థకత. జరిగిందని చాటుకోవడం కుదరదు. హెచ్చరికైతే ప్రమాదం వచ్చే దిక్కయినా చూపాలి. 2024లో విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచింది నేను కొలిచే కృష్ణ కాదు, గండ్లు పడ్డ బుడమేరు. ఆ వాగు గురించి కాలజ్ఞానంలో ఉందని వరదకు ముందు ఎవరూ చెప్పగా నేను వినలేదు.