కీబోర్డు మాస్టారు: లక్షణాలు, భేదాలు

తన కీబోర్డు గురించి చెప్పమంటే గంటసేపు చెప్పి, వాయించమంటే అడాప్టరు ఇంట్లో ఉండిపోయిందనే వాద్యకారుణ్ణి కీబోర్డు మాస్టారు అంటారు. ఈ జాతి దేశమంతటా ఉంది. టాటానగర్ స్టేషనుకు చేరువనున్న జుగ్సలాయిలో కనిపించే తెలుగు రకానికి మాత్రం కొన్ని ప్రత్యేక గుణాలున్నాయి. తాతలు ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కర్మాగారం పనికో రైల్వే పనికో వచ్చినవారు కావడంతో, "ఏటి గురూ" అని మొదలుపెట్టిన మాటను "క్యా బాత్ హై" అని ముగించగలడు. శ్రుతి కూడా రెండు భాషల్లో చెబుతాడు. శ్రీరామనవమి భజనలో "ఒకటిన్నర" అన్నదే పూజా పందిట్లో హిందీ పాటకు "కాలీ ఏక్" అవుతుంది. రెండింటికీ నొక్కేది ఒకే ట్రాన్స్‌పోజు బటను.

ఇద్దరు మాస్టార్లు ఎదురుపడితే కుశలప్రశ్నలకు ముందే పోలిక మొదలవుతుంది. మొదటి ప్రశ్న "కీలెన్ని?" అరవై ఒకటి అన్నవాడు డెబ్భై ఆరు ముందు తగ్గుతాడు, డెబ్భై ఆరు ఎనభై ఎనిమిది ముందు తగ్గుతుంది. రెండో ప్రశ్న "పాలిఫొనీ ఎంత?" అంటే ఒకేసారి ఎన్ని స్వరాలు పలుకుతాయని. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7కు పదహారు. ఇప్పుడు నూట ఇరవై ఎనిమిది మామూలు మాట. పది వేళ్లకు అన్నెందుకని అడిగితే దానికీ సమాధానముంది: పెడల్ తొక్కితే పాత స్వరాలు ఆగకుండా మోగుతూనే ఉంటాయి, కాబట్టి లెక్క పెరుగుతుంది. సమాధానం సరైనదే. పెడల్ మాత్రం ఇంకా కొనలేదు.

అలంకారికులు నాయికలను ఎనిమిది విధాలుగా విభజించారు. మాస్టార్లకు అయిదు చాలు.

మొదటివాడు కేసియో వాది. కేసియోటోన్ 1980లో వచ్చింది. ఆ తర్వాత మన ఊళ్లలో నలుపు తెలుపు మెట్లున్న ప్రతి పెట్టె కేసియో అయిపోయింది. ఈ గౌరవం ఇతనికి దక్కేది, తక్కినవాళ్లకు గుచ్చుకునేది. కోర్గ్ కొనడానికి అప్పు చేసినవాణ్ణి పెళ్లిపెద్ద "బాబూ, ఈ కేసియో కాస్త పక్కకి జరుపుతావా" అంటే, ఆ రాత్రి విందు భోజనం రుచించదు.

రెండోవాడు యమహా వాది. ఇతని బలం స్టైళ్లు. ఎడమచేత్తో ఒక్క కార్డు పట్టుకుంటే డ్రమ్ములూ బేసూ యంత్రమే చూసుకుంటుంది. పీఎస్‌ఆర్-ఐ500 వంటివి భారతీయుల కోసమే చేసినవి. వాటిలో తబలా, తంబురా వినిపించే రియాజ్ బటను కూడా ఉంది. సాధనకు ఉద్దేశించిన ఆ బటనును చుట్టాలకు చూపించడానికి నొక్కుతారు.

మూడోవాడు రోలాండ్ వాది. స్టైళ్లంటే చిన్నచూపు, టోన్లంటే ప్రాణం. ఎక్స్‌పీఎస్-10లో షెహనాయీ, సారంగి లోడు చేయించి, ఆ పెన్‌డ్రైవును తాళిబొట్టులా మెడలో వేసుకుని తిరుగుతాడు. కాపీ అడిగితే స్నేహం అక్కడితో సరి.

నాలుగోవాడు పాత సింథు వాది. డీఎక్స్7లో స్వరాలను పుట్టించే ఎఫ్‌ఎం పద్ధతిని కనిపెట్టింది స్టాన్‌ఫర్డ్‌లోని జాన్ చౌనింగ్ అని గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. అందులో సొంతంగా టోను తయారుచేయడం ఎంత కష్టమో కూడా చెబుతాడు. ఆ యంత్రం పలికి ఏళ్లయింది. అమ్మడు, బాగుచేయించడు, దుప్పటి మాత్రం మారుస్తుంటాడు.

అయిదోవాడు పియానో వాది. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్సులో క్రిస్టోఫోరి చేసినట్టు సుత్తి వెళ్లి తీగను కొడితేనే సంగీతమని ఇతని సిద్ధాంతం. ఇతనికి పియానో లేదు. ఉన్నా జుగ్సలాయి మేడమెట్ల మలుపులో అది ఇరుక్కుంటుంది. ఇతని నోరు మూయించడానికి తక్కిన నలుగురూ ఏకమై "గమకం పలుకుతుందా?" అంటారు. పలకదు. తీగకు కట్టిన శ్రుతి కట్టినట్టే ఉంటుంది. ఇలాంటి మెట్టు స్వరాల దోషానికే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని వెలివేసి, 1971 దాకా గుమ్మం తొక్కనివ్వలేదు. సింథులో పిచ్‌బెండ్ చక్రం తిప్పి స్వరాన్ని జార్చవచ్చు. ఆ చక్రం తిప్పేటప్పుడు మాస్టారి కళ్లు వాటంతటవే మూతపడతాయి.

కొనుగోలు ఒక తీర్థయాత్ర. పొద్దున్నే స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హౌరాలో దిగి, లాల్‌బజార్, రవీంద్ర సరణి దుకాణాల్లో ప్రతి పెట్టె మీదా ఒకే పాట వాయించి, సాయంత్రం అదే బండిలో తిరిగి రావాలి. వచ్చేటప్పుడు సీటు కీబోర్డుది, నిలబడేది మాస్టారు. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు కర్మాగారంలో యంత్రాలతో పాటు ఇంట్లో కీబోర్డుకూ బొట్టు పెడతారు. ఆనాడు పనిముట్టు ముట్టరు కాబట్టి పోలిక బొట్టు సైజు దగ్గర ఆగుతుంది.

ఇన్ని వందల టోన్లలో ఏడాది పొడవునా పనికొచ్చేవి నాలుగు: భజనకు హార్మోనియం, విషాదానికి స్ట్రింగ్స్, ప్రేమకు వేణువు, బరాత్‌కు నాగిని. నాలుగోది కీబోర్డు సొంత ఆస్తి. 1954 నాటి హిందీ 'నాగిన్' చిత్రంలో లోకమంతా నాగస్వరమనుకున్నది కల్యాణ్‌జీ క్లావియోలిన్ మీద పలికించినది. అదీ మెట్లున్న పెట్టే. నడిరోడ్డు మీద కర్చీఫు నోట కరుచుకుని పడగ విప్పే పెళ్లికొడుకు స్నేహితులు డెబ్భై ఏళ్లుగా సింథుకే ఆడుతున్నారు.

ఈ పోలికల్లో ఎన్నడూ రానివి వేళ్లు. కీలు, టోన్లు, బరువు, ధర అన్నీ చర్చకు వస్తాయి. ఎవరి చెయ్యి మంచిదన్న మాట రాదు, వస్తే అయిదుగురూ మళ్లీ ఒకే బల్ల మీద టీ తాగలేరు. ఎప్పుడైనా ఒక కుర్రవాడు బ్యాటరీలతో నడిచే చిన్న కేసియో మీద అద్భుతంగా వాయిస్తే, మాస్టార్లు చివరిదాకా తల ఊపుతూ విని, దగ్గరికి వెళ్లి పెట్టెను తిరగేసి మోడల్ నంబరు రాసుకుంటారు.