ఫీజు కట్టేశాంగా!

మా అమ్మాయి హైస్కూల్లో ఉన్నన్నాళ్లూ నా నోట్లో ఆడిన మాట ఒకటే: ఫీజు కట్టేశాంగా! స్కూలు నుంచి ఉత్తరం వచ్చినా అదే, ఫోనొచ్చినా అదే, ఏ పిల్లయినా రాఫిల్ లాటరీ టికెట్ల పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడినా అదే. తెలివితక్కువ మాట. అలాగని తెలివితక్కువ అని ఊరుకుంటే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టే అవుతుంది. నాకు బాగా తెలిసిన సంగతి ఒకటి మా ఇంట్లోవాళ్లకి తెలియకుండా ఉండాలని ఆ మాటని అడ్డం పెట్టుకున్నాను.

మేముండేది ఫిలడెల్ఫియా శివార్లలో. మాది క్రైస్తవ కుటుంబం కాదు. అయినా 2010లో అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చినప్పుడు కాథలిక్ హైస్కూల్లోనే చేర్పించాను. కాన్వెంటు చదువు మీద తెలుగువాళ్లకున్న నమ్మకం సముద్రం దాటినా పోదు. పిల్ల కుదురుగా ఉంటుంది, టీచర్లు పట్టించుకుంటారు అనుకున్నాం. నేనూ గుంటూరు జిల్లాలో ఫాదర్ల బడిలో చదివినవాణ్ణే. ఆ సంగతి అమ్మాయికి గొప్పగా చెప్పుకునేవాణ్ణి. అయితే అంతవరకే చెప్పేవాణ్ణి.

ఆ సెప్టెంబరులోనే మొదటి ఉత్తరం వచ్చింది. ఒక్కో పిల్ల చదువుకి స్కూలుకయ్యే ఖర్చు మనం కట్టే ఫీజుకన్నా ఎక్కువ, ఆ తేడా చందాలతోనే పూడాలి, మీకు తోచినంత ఇవ్వండి అని దాని సారాంశం. "ఖర్చెక్కువైతే ఫీజు పెంచుకోవాలి గాని అడుక్కోవడమేంటి?" అన్నాను మా ఆవిడతో. సరిగ్గా ఆ మాటే అన్నాను, అడుక్కోవడం అని. ఫీజు పెంచితే ఆ క్లాసులో ఎంతమంది పిల్లలు మరుసటేడు రాలేకపోతారో నా బుర్రకి తట్టలేదు.

స్కూలు జీవితమంతా ఆ తేడా చుట్టూనే అల్లుకుని ఉండేది. శుక్రవారం సాయంత్రం ఫుట్‌బాల్ ఆట ఉంటే గ్రౌండు పక్కన హాట్ డాగులూ వేడి చాక్లెట్టూ అమ్మేది తల్లిదండ్రులే. ఆట విరామంలో 50–50 రాఫిల్ తీసేవారు. వచ్చిన డబ్బులో సగం గెలిచినవాళ్లకి, సగం స్కూలుకి. గెలిచినవాళ్లలో కొందరు తమ సగం కూడా అక్కడే తిరిగి ఇచ్చేసేవారని అమ్మాయి చెప్పేది. థాంక్స్‌గివింగ్ ముందు లేనివాళ్ల ఇళ్లకి పంపడానికి డబ్బాల్లో సరుకులు పోగుచేసేవారు. జనవరి ఆఖరి ఆదివారం నుంచి కాథలిక్ స్కూళ్ల వారం. వసంతంలో వేలం రాత్రి. ఆ వేలంలో వస్తువులు తెచ్చేదీ తల్లిదండ్రులే, పాడుకునేదీ వాళ్లే. ఎవరో అమ్మమ్మ కుట్టిన దుప్పటి, ఎవరిదో సముద్రం ఒడ్డు ఇంట్లో వారం రోజుల బస, స్కూలు గుమ్మం దగ్గర కారు పెట్టుకునే చోటు. చివర్లో అమ్మకానికి ఏమీ ఉండదు. స్కాలర్‌షిప్పులకి ఎంతిస్తారో నంబరు అట్ట పైకెత్తి చెప్పాలి, అంతే. ఇక ఈస్టర్ ముందు తపస్సు కాలం వస్తే శుక్రవారాల్లో మాంసం ముట్టరు కాబట్టి చేపల వేపుడు విందు. హాల్లో పొడుగు బల్లలు వేసి, వేయించిన చేప, బంగాళాదుంపలు, క్యాబేజీ తురుము పళ్లెంలో పెట్టి అమ్మేవారు. చుట్టుపక్కల వీధులవాళ్లు, స్కూలుతో సంబంధం లేనివాళ్లు కూడా వరసలో నిలబడి కొనుక్కునేవారు.

వీటన్నిటికీ మనుషులు కావాలి. కుటుంబానికి ఏడాదికి ఇన్ని గంటల పని అని నియమం పెట్టారు. చెయ్యలేనివాళ్లు బదులుగా డబ్బు కట్టొచ్చు. నేను ఆ డబ్బు అందరికంటే ముందు కట్టేసి ఉంటాను. మా ఆవిడ వెళ్తానంది. ఇక్కడ తనకి తెలిసిన మనుషులు తక్కువ, వెళ్తే నలుగురు పరిచయమవుతారని ఆశపడింది. "చెక్కు రాసేశాగా, వాళ్లకి సమోసాలు వేయించి పెట్టాల్సిన అవసరం మనకేంటి" అన్నాను. తను మళ్లీ అడగలేదు. ఇప్పుడు తలచుకుంటే చందా ఇవ్వకపోవడం కంటే ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. నా సిగ్గుకి ఆవిడ తన ఒంటరితనంతో ఖరీదు చెల్లించింది.

స్కూలు ఉత్తరంలో రాసిన ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను తర్వాతెప్పుడో చదివి తెలుసుకున్నాను. ముందే తెలుసుకుని ఉండాల్సింది. 1884లో బాల్టిమోర్‌లో కూడిన అమెరికా బిషప్పులు ప్రతి చర్చి దగ్గరా రెండేళ్లలో ఒక బడి ఉండాలని తీర్మానించారు. ఆ బడులకి డబ్బులిచ్చినవాళ్లలో ఎక్కువమంది ఐర్లండ్, ఇటలీ, పోలండ్ నుంచి వచ్చి గనుల్లో, మిల్లుల్లో, రేవుల్లో పనిచేసిన జనం. ఫిలడెల్ఫియాలోనే థామస్ కేహిల్ అనే వ్యాపారి రాసిచ్చిన ఆస్తితో 1890లో రోమన్ కాథలిక్ హైస్కూల్ తెరిచారు, మగపిల్లలకి ఉచితంగా. తెరిచేనాటికి ఆయన లేడు. ఆ రోజుల్లో కాథలిక్ బడుల్లో పాఠాలు చెప్పేది ఎక్కువగా మఠాల్లోని సిస్టర్లు. వాళ్లకి జీతం అనదగ్గ జీతం ఉండేది కాదు. నిజమైన చందా వాళ్లదే, తమ ఆయుష్షంతా ఇచ్చేశారు. 1965లో దేశం మొత్తం మీద దాదాపు 1,80,000 మంది సిస్టర్లు ఉండేవారు, ఇప్పుడు 40,000 కూడా లేరు. వాళ్లు తగ్గిన చోట జీతమిచ్చి టీచర్లని పెట్టుకోవాల్సి వచ్చింది. దాంతో ఫీజులు పెరిగాయి, పిల్లలు తగ్గారు. 1965 ప్రాంతంలో కాథలిక్ బడుల్లో 52 లక్షల మంది చదివితే ఇప్పుడు 17 లక్షల దగ్గరున్నారు. ఒకప్పుడు ఆరు వేలకు దగ్గరగా పిల్లలతో కిటకిటలాడిన కార్డినల్ డోహర్టీ హైస్కూల్ మా అమ్మాయి తొమ్మిదిలో చేరిన 2010లోనే మూతపడింది. పేపర్లో చూశాను. చూసి తిప్పేశాను.

2012 జనవరిలో ఫిలడెల్ఫియా అగ్రపీఠం, అంటే ఆర్చిబిషప్ కార్యాలయం, ఇంకో జాబితా ప్రకటించింది. చాలా చిన్న బడులతో పాటు నాలుగు హైస్కూళ్లు మూసెయ్యాలని అందులో ఉంది: వెస్ట్ కాథలిక్, సెయింట్ హ్యూబర్ట్, కాన్వెల్ ఈగన్, బానర్ ప్రెండర్‌గాస్ట్. మా అమ్మాయి స్కూలు అందులో లేదుగాని దాని స్నేహితురాలి స్కూలుంది. ఆ చలిలో ఆడపిల్లలు యూనిఫాం వేసుకుని అట్టలు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. పాత విద్యార్థులు, ముసలివాళ్లతో సహా, చెక్కులు పట్టుకొచ్చారు. "నాన్నా, మనమూ ఏమైనా ఇద్దామా?" అంది అమ్మాయి. "ఫీజు కట్టే పిల్లలు లేకపోతే బడి మూతపడుతుంది. అది లెక్క తల్లీ, దానికి మనమేం చేస్తాం" అన్నాను. అది నా మొహంలోకి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఫిబ్రవరి 24న ఆర్చిబిషప్ ఛాపుట్ ఆ నాలుగు హైస్కూళ్లూ ఉంటాయని ప్రకటించారు. నిలబెట్టింది నేను లెక్కలోకి రావనుకున్న ఆ చందాలే.

ఆ వారంలోనే, 22న, తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం. నుదుట బూడిద గుర్తుతో ఇంటికొచ్చిన అమ్మాయి ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. రైస్ బౌల్ అంటారు. తపస్సు కాలం నలభై రోజులూ ఇంట్లో తిండి కాస్త తగ్గించుకుని, ఆ మిగిలిన చిల్లర అందులో వేసి ఈస్టర్‌కి స్కూల్లో ఇవ్వాలి. 1975లో పెన్సిల్వేనియాలోనే, అలెన్‌టౌన్‌లో మొదలైన అలవాటు. డబ్బులో నాలుగో వంతు ఇక్కడి పేదలకి, మిగతాది వేరే దేశాలకి.

పెట్టె మీద మూడక్షరాలున్నాయి: సీఆర్ఎస్. కాథలిక్ రిలీఫ్ సర్వీసెస్.

ఆ అక్షరాలు నేను ఇంగ్లీషు చదవడం రాకముందే చూశాను. మా హాస్టల్ స్టోరు గదిలో గోధుమరవ్వ సంచుల మీద, నూనె డబ్బాల మీద. వాటి పక్కనే కలిపి పట్టుకున్న రెండు చేతుల బొమ్మ. 1970ల్లో మా ఫాదర్ల హాస్టల్లో పొద్దున్న మాకు పెట్టింది ఆ రవ్వ ఉప్మాయే, తాగింది ఆ పాలపొడి పాలే. అల్యూమినియం పళ్లెం పట్టుకుని వరసలో నిలబడేవాళ్లం. మా నాన్నకి కౌలు సేద్యం. ఉప్పెన వచ్చిన ఏడు హాస్టల్ లేకపోతే నేను బర్రెలు కాసుకునేవాణ్ణే. ఖాళీ అయిన సంచులు ఉతికి మా అమ్మకిచ్చేవారు, దిండు గలీబులు కుట్టేది. రవ్వ పంపింది 1954లో చేసిన పీఎల్ 480 చట్టం కింద అమెరికా ప్రభుత్వం. మా పళ్లెందాకా చేర్చింది సీఆర్ఎస్, అంటే అమెరికా బిషప్పులు 1943లో యుద్ధశరణార్థుల కోసం పెట్టిన సంస్థ. 1946 నుంచి భారతదేశంలో పనిచేస్తోంది. అది నడవడానికి ఇక్కడి చర్చిల్లో పట్టిన చందా పళ్లేల డబ్బూ తోడైంది.

రవ్వ ఒకటే కాదు. బడి కట్టడం, పుస్తకాలు, టీచర్ల జీతం, ఇవన్నీ ఎవరివో చందాలు. గుంటూరు సీమలో మిల్ హిల్ ఫాదర్లు, 1904లో హాలండ్ నుంచి వచ్చిన జేఎంజే సిస్టర్లు కట్టిన బడుల వెనక యూరప్ ఊళ్లలో ఆదివారం పూజకొచ్చిన రైతుల నాణేలున్నాయి. ప్రతి క్రిస్మస్‌కీ మాచేత దాతలకి ఉత్తరాలు రాయించేవారు. బోర్డు మీద ఫాదర్‌గారు ఇంగ్లీషులో రాసేవారు, మేం చూసి రాసి కింద సంతకం పెట్టేవాళ్లం. నేను గుండ్రంగా రాస్తానని రాయలేనివాళ్లవి కూడా నాచేతే రాయించేవారు.

ఇదంతా ఆ పెట్టె చూసిన క్షణంలో గుర్తొచ్చింది. ఒక్క ముక్కా మరిచిపోలేదు. అమ్మాయి స్నానానికి వెళ్లగానే పెట్టె తీసి సొరుగులో పాత బిల్లుల అడుక్కి తోసేశాను. ఎక్కడుందని అడిగితే తెలియదన్నాను. మిషన్ స్కూల్లో చదివిన నాన్నని అది ఎరుగును. పళ్లెం పట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లాణ్ణి అది ఎరగకూడదని నా పంతం. చెయ్యి చాచి తీసుకున్నానని ఒప్పుకుంటే గాని ఇవ్వడానికి చెయ్యి లేవదు నాకు. అందుకే ఇవ్వడం మానేశాను. గుడికి మాత్రం ఇచ్చేవాణ్ణి, చలవరాయి మీద పేరు వేస్తారని. ఆ రాయి మీద నేను దాతని మాత్రమే, అంతకుముందు ఎవడినో అక్కడెవరూ అడగరు.

అమ్మాయి పన్నెండో తరగతి చివర్లో, కాలేజీ కాగితాల కోసం సొరుగు వెతుకుతుంటే దానికి ఆ పెట్టె దొరికింది. కోప్పడలేదు. "ఎందుకు దాచావు?" అంది. చెప్పాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. ఇరవయ్యేళ్లు దాటిన కాపురంలో ఉప్మా సంగతి తనకీ అదే మొదటిసారి వినడం. అమ్మాయి అంతా విని ఒక్కటే అడిగింది: "మరి ఆ ఉత్తరాలు ఎవరికి రాసేవాడివి నాన్నా?"

ఒక్క పేరు కూడా గుర్తు రాలేదు. ఎన్ని క్రిస్మస్‌లు, ఎన్ని కాగితాలు, నా అక్షరాలు బాగుండాలనే ధ్యాస తప్ప పైన ఎవరి పేరు రాస్తున్నానో చూడలేదు. అప్పుడు చిన్నపిల్లాణ్ణి, అది తప్పనను. ఆ రాత్రి మాత్రం చాలాసేపు ఆ బోర్డు, ఆ సుద్దముక్క రాత గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాను.

అమ్మాయి స్కూలు వదిలి వెళ్లిపోయింది. ఇప్పుడు నాకు అక్కడ నియమమూ లేదు, గంటలూ లేవు. తపస్సు కాలంలో మా ఆవిడా నేనూ చేపల వేపుడుకి వెళ్తాం. ఆవిడ డబ్బు తీసుకునే బల్ల దగ్గర, నేను లోపల మూకుళ్ల దగ్గర. నా చిన్న కంపెనీ పన్ను కాగితాల్లో పెన్సిల్వేనియా 2001 నుంచి ఇస్తున్న విద్యా పన్ను రాయితీ కూడా వాడుకుంటున్నాను. రెండేళ్లు వరసగా స్కాలర్‌షిప్ నిధికి ఇస్తామని ఒప్పుకుంటే డాలరుకి 90 సెంట్లు రాష్ట్ర పన్నులో తగ్గుతాయి. దీని గురించి స్కూలు పంపిన కాగితం కూడా చదవకుండా పారేసిన రోజులున్నాయి. జేబులోంచి డాలరుకి పది సెంట్లు పోతే ఒక పిల్ల బడిలో నిలబడేది.

మా హాస్టల్ వాళ్లం కొందరం ఈ దేశంలో ఉన్నాం. పాత బడి గదులకి ఇప్పుడు మరమ్మతు కావాలి, తలా కొంత వేసుకుందామని అడుగుతున్నాను. ఎక్కువమంది సరేనన్నారు. డాలస్‌లో ఉన్నవాడు మాత్రం, నా పక్క పళ్లెంవాడు, "డబ్బెంతయినా పంపుతా, నా పేరూ హాస్టల్ పేరూ కలిపి ఎక్కడా రాయొద్దురా. మా పిల్లలకి తెలీదు" అన్నాడు. నీ డబ్బు వద్దు, ముందు పిల్లలకి చెప్పు అని గట్టిగానే అన్నాను. ఫోన్ పెట్టేశాడు. డబ్బు వద్దనడం నా పొరపాటని మా ఆవిడ అంటోంది, గదులకి కప్పు ముందు, వాడి మనసు తర్వాత అని. తను చెప్పిందే నిజమేమో. వాడికి మళ్లీ ఫోన్ చెయ్యాలి.