మొదట వచ్చిందే వేదం

ఇంటర్నెట్‌లో సమాచారం వెతికే విద్యకు మన బడుల్లో మూడంగాలు: ప్రశ్నను ఉన్నదున్నట్టు టైపు చేయడం, మొదట వచ్చినదాన్ని కాపీ కొట్టడం, ప్రింటు తీసి అంచులకు రంగుపూలు అతికించడం. మార్కులు సాధారణంగా మూడో అంగానికే పడతాయి. జంషెడ్‌జీ టాటాయే 1919లో జంషెడ్‌పూర్‌కు పేరు పెట్టాడని ప్రాజెక్టులో రాసినా, పూలు బాగుంటే చెల్లిపోతుంది. ఆయన 1904లోనే కన్నుమూశాడు. పేరు పెట్టింది వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్. ఈ సంగతి తెలియాలంటే ఇంకో పేజీ తెరవాలి. దానికి మార్కుల్లేవు.

ఆ ఇంకో పేజీలోనే అసలు విద్య ఉందని స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో తేల్చారు. చరిత్ర పండితులను, విద్యార్థులను, వార్తల్లో నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్నవాళ్ళను అవే వెబ్‌సైట్ల ముందు కూర్చోబెట్టారు. పండితుల్లోనూ చాలామంది గంభీరమైన పేర్లకు, అందమైన లోగోలకు పడిపోయారు. మూడో రకంవాళ్ళు మాత్రం ఆ పేజీని అక్కడే వదిలేసి, దాని వెనక ఎవరున్నారని బయట వాకబు చేశారు.

జంషెడ్‌పూర్‌లోని భాలుబాసా పేట తెలుగువాళ్ళకు ఇదేమీ కొత్త విద్య కాదు. శ్రీకాకుళం నుంచి సంబంధం వస్తే, అబ్బాయి ఎలాంటివాడని అబ్బాయి తండ్రిని అడిగి ఊరుకోరు. పక్కవీధి వాళ్ళను, ఆ ఊరు ఇచ్చిన ఆడపడుచును కదుపుతారు. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూస్తారు. అదే ఇంట్లో ఫోనుకు వచ్చిన సందేశానికి ఒక్క తరమైనా చూడరు. కింద ‘అందరికీ పంపండి’ అని ఉంటే అవే దాని కులగోత్రాలు.

ఇది ఎల్లకాలం నవ్వులాటగా ఉండదు. 2017లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు పాకింది. మే 18న ఇదే జంషెడ్‌పూర్ బాగ్‌బెడాలోని నాగాడీలో, పొరుగున సరాయికెలా ఖర్సవాఁ జిల్లా శోభాపూర్‌లో గుంపులు ఏడుగురిని కొట్టి చంపాయి. పుకారు వచ్చిన ఫోనులోనే నిజమేమిటో వెతుక్కునే వీలూ ఉంది.

మరుసటి ఏడాది కేరళలోని కణ్ణూరు జిల్లా ‘సత్యమేవ జయతే’ పేరుతో సుమారు 150 ప్రభుత్వ బడుల్లో అబద్ధపు వార్తను పోల్చుకోవడం నేర్పింది. వాట్సాప్ కూడా అదే ఏడాది మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపనీయకుండా కట్టడి చేసింది. బంధువులకు అయిదేసి చొప్పున పంపే ఓపిక అలవడింది. బడిలో పాఠం విన్న పిల్ల ఇంటికొచ్చి ‘ఇది ఎవరు చెప్పారు?’ అని అడిగితే జవాబు సిద్ధం: ‘మీ పెదనాన్న పంపించారు.’ పెదనాన్నకు ఎవరు పంపారన్న ప్రశ్న సిలబస్‌లో ఉన్నా, ఇంట్లో అడగడానికి లేదు.