వానాకాలం వెళ్ళేదాకే

ప్లాను కాయితంలో నేను లేను. పోర్ట్‌బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ దిగుడులో ఒక మత్స్యకారుడి ఇంటి వెనక, తోటి రేకులతో కలిసి పడుకున్న జీఐ రేకుని నేను. ముద్ర పడ్డ ప్లానులో వెనక గోడ దగ్గర ఒక గీత ఆగిపోతుంది. గీతకు అవతల తెల్ల కాయితమే. ఆ తెల్లదాన్ని సెట్‌బ్యాక్ అంటారు. గాలీ వెలుతురూ రావడానికి, మంటలు లేస్తే మనుషులు బయటపడటానికి, సెప్టిక్ ట్యాంకు నిండితే మూత తీయడానికి వదిలిపెట్టమన్న జాగా అది. నా కాపురం దాని మీదే. పొరుగువాడు పెంచిన గోడ గురించి పొరుగువాళ్ళు చెప్పగా వినడమే లోకానికి అలవాటు. గోడ తరఫున కూడా ఎవరో ఒకరు నోరు విప్పాలి కదా. గోడకి నోరు లేదు, వాన పడితే నాకుంటుంది.

నా మొదటి కొలువు మాత్రం సర్కారుదే. 2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నర వేళ సుమత్రా పక్కన భూమి కదిలింది. దక్షిణ అండమాన్ నేల మీటరు దాకా కుంగింది. సిప్పీఘాట్‌లో వరి పండిన మళ్ళలోకి ఉప్పునీరు వచ్చి మళ్ళీ పోలేదు. ఉత్తరాన డిగ్లీపూర్ వైపేమో నేల లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. సముద్రం ఇళ్ళు తీసుకుపోయినవాళ్ళ కోసం దీవులన్నిటా కలిపి తొమ్మిది వేలకు పైచిలుకు ఆశ్రయాలు కట్టారు. గోడలు రేకు, కప్పు రేకు. వాటికోసమే మమ్మల్ని ఓడల్లో దించారు. మధ్యాహ్నం పూట మా కింద మనుషులు ఉడికిపోయేవాళ్ళు. వాన వస్తే తల్లి పిలుపు పక్కనున్న పిల్లకి వినిపించేది కాదు. కొద్ది నెలల మాట అన్నారు, ఏళ్ళు గడిచాయి. ఆ తర్వాత పక్కా ఇళ్ళు వచ్చాయి, మమ్మల్ని ఊడదీశారు. బోల్టుల బొక్కలతో, అంచున తుప్పుతో ఒక పాత ఇనుము కొట్టు వెనక నిలబెట్టారు.

అక్కడికే వచ్చాడు మా యజమాని. ఇతని తాత శ్రీకాకుళం తీరం నుంచి వలలు పట్టుకుని ఓడెక్కినవాడు. విశాఖ నుంచి ఇక్కడికి ఇప్పటికీ ఓడ మీద దాదాపు 56 గంటల ప్రయాణం. అయినా మనవాళ్ళు తక్కువేం లేరు. 2011 జనాభా లెక్కల్లో దీవుల్లో నూటికి పదమూడు మందికి తెలుగే ఇంటి భాష. జంగ్లీఘాట్‌లో పడవల రేవు దగ్గర నిలబడితే ఆ సంఖ్య ఇంకా పెద్దదనిపిస్తుంది.

ఇంట్లో కొడుక్కి పెళ్ళి కుదిరింది. ఉన్నవి రెండు గదులు, ఒక వంటసాల. వలలూ, ఐసు పెట్టెలూ, పాత ఇంజనూ అన్నీ వసారాలోనే. మరి కొత్త కోడలు ఎక్కడ పడుకోవాలి? ఊళ్ళో ఇంకో చోట జాగా కొనుక్కోవచ్చు కదా అని విశాఖలో కూర్చున్నవాళ్ళు అడగొచ్చు. ఈ దీవుల మొత్తం వైశాల్యం 8,249 చదరపు కిలోమీటర్లు. అందులో 7,171 అడవిగా నమోదైంది. ఆదిమ జాతుల రిజర్వులు, నౌకాదళం, ప్రభుత్వ కార్యాలయాలు తీసేస్తే మామూలు మనిషికి మిగిలేది కొండవాలు మీద చారెడు నేల. సునామీ దాంట్లోనూ కొంత తినేసింది. అందుకని ఇక్కడ ఇల్లు పక్కకి పెరగదు, వెనక్కి పెరుగుతుంది. ఎవరికీ కనపడకుండా పెరుగుతుంది.

నన్ను కప్పిన రోజు కింది ఇంటి అక్క పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అంగన్‌వాడీలో పనిచేసి దిగిపోయిన మనిషి. ఊరు ఒకటే, కులం ఒకటే, పిలుపులు కూడా చుట్టరికంతోనే.

"ఏటి తమ్ముడూ, ఎనకాల పందిరేత్తన్నావా?"

"వలలు తడిసిపోతన్నాయక్కా. వానాకాలం ఎల్లేదాకే."

ఆ మాట విని నా బొక్కల్లో గాలి ఈల వేసింది. ఇక్కడ వానాకాలం మే నెలలో మొదలై డిసెంబరు దాకా సాగుతుంది. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన. వెళ్ళిందనుకునేలోపు మళ్ళీ వస్తుంది. ఆ ముక్క అక్కకి తెలియదా? తెలుసు. అయినా "సరేలే" అంది. నా ఉద్దేశంలో ఈ కథ మొత్తంలో బరువైన మాట అదే. నాలుగు ఇనప పైపుల మీద నేను ఊగుతున్నప్పుడు నన్ను దించడానికి ఒక పానా, ఒక పూట చాలు. అప్పుడు అడగడానికి మొహమాటం. తర్వాత అడగడానికి కోర్టు.

ఎందుకంటే రేకు ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. ముందు నా కింద వలలు పెట్టారు. జల్లు కొడుతోందని పక్కన టార్పాలిన్ కట్టారు. టార్పాలిన్ చిరిగిందని హాలోబ్లాకులు పేర్చారు. ఈ ఊళ్ళో దొంగచాటుగా గోడ కట్టడం మాత్రం అంత సులువు కాదు, ఇసుక పట్టిస్తుంది. తీరాల ఇసుక తవ్వకం తగ్గించుకుంటూ ఐదేళ్ళలో మూడో వంతుకు తేవాలని సుప్రీంకోర్టు 2002 మే 7న ఆదేశించింది. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక చూశాక ఇచ్చిన ఆదేశమది. తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్డును ఎత్తుకెళ్ళి మనం గోడకి పూసుకుంటున్నాం అన్నది అందులో సారం. అప్పటినుంచి ఇసుక బంగారమైంది. మా వాడు క్రషర్ పొడి బస్తాల్లో తెప్పించి చీకటి పడ్డాక మోయించాడు. మర్నాడు అక్క మెట్ల మీద తెల్లటి పొడి అడుగులు కనిపించాయి. ఆవిడ చీపురుతో ఊడ్చేసింది గానీ ఏమీ అనలేదు. ఆ తర్వాత తలుపు బిగించారు, ఆ తర్వాత గ్యాసు పొయ్యి. కోడలు నా కింద కాపురం పెట్టింది. మంచి పిల్ల, వేడికి ఉక్కిరిబిక్కిరవుతూ కూడా నన్ను తిట్టలేదు.

గొడవ గాలి గురించి రాలేదు, వెలుతురు గురించి రాలేదు. నీటి గురించి వచ్చింది. మా ఇల్లు ఎగువ, అక్క ఇల్లు దిగువ. నన్ను కొలిచి కోయకుండా ఉన్న పొడవునే కప్పేయడంతో నా చివర హద్దు దాటి మూరెడు అక్క గాలిలోకి చొచ్చింది. నా గాళ్ళలోంచి జారిన నీళ్ళన్నీ వరసగా ఆవిడ వెనక గోడ మొదట్లో పడేవి. మొదటి ఏడు ఆవిడ వాటి కింద నీలం డ్రమ్ము పెట్టుకుంది. తప్పేముంది? ఎండాకాలం చివర ఈ ఊళ్ళో కుళాయి రోజూ రాదు. ధనీఖారీ ఆనకట్టలో నీళ్ళు అడుగంటితే బిందెల వరసలు పొడుగవుతాయి. మే నెలలో పడ్డ తొలి జల్లు నా మీంచే ఆవిడ డ్రమ్ములోకి దిగింది. జూన్‌కి డ్రమ్ము పొర్లింది. ఆగస్టుకి గోడకి పచ్చటి పాచి పట్టింది. రెండు ఇళ్ళ మధ్య నాలాలో హాలోబ్లాకు ముక్కలు పడి నీళ్ళు నిలిచాయి. ఆ ఏడు కాకపోతే పై ఏడు, గోడ లోపలి వైపు సున్నం ఉబ్బి పెచ్చులుగా రాలింది.

"నీ రేకు నీళ్ళు నా గోడ తినేత్తన్నాయి తమ్ముడూ."

"అప్పుడు డ్రమ్మెట్టుకుని పట్టుకున్నావు కదక్కా!"

దానికి అక్క దగ్గర జవాబు లేదు. ఉంది గానీ దొరకలేదు. ఒక సాయం తీసుకున్నంత మాత్రాన దాని వెనకాల వచ్చే నష్టానికి కూడా ఒప్పుకున్నట్టు కాదు అని తర్వాత వకీలు చెప్పాడు. కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచ్ ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ వకీళ్ళకి కొదవ లేదు. ఆయన కోడలి గదిలోకి వచ్చి నన్ను కిందనుంచి చూశాడు, అక్క పెరట్లోకి వెళ్ళి చివరనుంచి చూశాడు. నన్ను అంత శ్రద్ధగా చూసినవాడు అంతకు ముందు లేడు.

ఆయన చెప్పింది ఇది. ఒకే రేకులో రెండు తప్పులున్నాయి. అక్క గాలిలోకి పొడుచుకొచ్చిన మూరెడు హద్దు తగాదా. దానికి భూమి హక్కుల పత్రం ఫారం-ఎఫ్ నకలు తీసి, పట్వారీ చేత కొలిపించి, రెవెన్యూ దారిలో గానీ సివిలు కోర్టులో గానీ తేల్చుకోవాలి. 1966 నాటి భూమి రెగ్యులేషన్ ఆ దారికి మొదలు. మిగతా నా ఒళ్ళంతా యజమాని సొంత జాగాలోనే ఉంది, కానీ అనుమతి లేకుండా ఉంది. అది పురపాలక సంఘం చూసుకునే సంగతి. 1994 మునిసిపల్ రెగ్యులేషన్, 1999 భవన ఉపవిధులు దాన్ని పట్టుకుంటాయి. "మీకు ఏది కావాలి?" అన్నాడు.

"మూరెడు కొయ్యాలి. నీళ్ళు అటు తిప్పాలి. అంతే బాబూ."

"మునిసిపాలిటీకి రాస్తే మూరెడుతో ఆగకపోవచ్చమ్మా. గది మొత్తం పోవచ్చు."

అక్క అప్పుడు నా కిందున్న తలుపు వైపు చూసింది. కోడలు నెల తప్పి ఉంది. అడిగినంతే కోసే కత్తి చట్టం దగ్గర ఎప్పుడూ ఉండదు. చిన్న నొప్పి ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి అర్జీ పెట్టకుండా నోరు మూసుకోవడానికి కారణం భయమో మంచితనమో అనుకుంటారు. సగం సార్లు ఆ కత్తి పొడుగు చూసే ఊరుకుంటారు.

ఈలోగా ఊరి పెద్దలు ఒకసారి కూర్చున్నారు. టీ తాగి, సర్దుకుపొమ్మని లేచారు. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

మా యజమాని ధైర్యం వేరు. ఈ దీవుల్లో 1978కి ముందు ప్రభుత్వ భూమి ఆక్రమించుకున్నవాళ్ళకి తర్వాత ఆ భూమి క్రమబద్ధం చేశారు. ఆ సంగతి ప్రతి ఇంట్లోనూ చెప్పుకుంటారు. దానికి తోడు విశాఖ నుంచి వచ్చిన బావమరిది ఒకటే ఊదర. ఆంధ్రలో 2007 చివర ఒకసారి, 2015లో ఇంకోసారి రుసుము కట్టించుకుని అనుమతి లేని కట్టడాలను క్రమబద్ధం చేశారట. "కొన్నాళ్ళు ఓపిక పడితే నీ రేకూ పాసైపోద్ది బావా" అన్నాడు. నిజమే, అక్కడ ఆ పథకాలు వచ్చాయి. ఆ పథకాల వల్లే తర్వాత కట్టినవాళ్ళు ఇంకా ధైర్యంగా కట్టారన్నది నా అనుమానం, రేకు మాటకి ఎవరు విలువిస్తారు గానీ. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు మీరట్ నుంచి వచ్చిన ఒక కేసులో తేల్చి చెప్పింది: ఏళ్ళు గడిచాయనో, డబ్బు పోశామనో, అధికారులు ఇన్నాళ్ళూ ఊరుకున్నారనో అక్రమ కట్టడం సక్రమం కాదు. దానికి నెల ముందు, నవంబరు 13న, అదే కోర్టు ఇంకో సంగతి కూడా చెప్పింది. నోటీసు ఇవ్వకుండా, పదిహేను రోజుల గడువివ్వకుండా, చెప్పేది వినకుండా ఇల్లు కూల్చకూడదు. వకీలు రెండూ ఒకే ఊపిరిలో చదివి వినిపించాడు. మొదటిది విన్నప్పుడు మా వాడి మొహం మాడింది, రెండోది విన్నప్పుడు కొంచెం తేరుకున్నాడు. నా పరిస్థితీ అంతే.

వకీలు చెప్పిన మరో ముక్క అక్క చెవిలో నాటుకుంది. ఇలా పక్కవాడి చూరు నీళ్ళు బాహాటంగా, అభ్యంతరం లేకుండా, హక్కుగా ఇరవై ఏళ్ళు పడితే, అదే నా హక్కని అతను కోర్టులో వాదించొచ్చు. మొహమాటానికి కూడా కాలపరిమితి ఉందన్నమాట. ఆ రాత్రే అక్క మనవరాలి చేత కాయితం రాయించింది. ఈ నీళ్ళు నా సమ్మతితో పడటం లేదు, ఫలానా తేదీన అభ్యంతరం చెప్పాను అని. ఫొటోలు తీయించింది: పాచి, పెచ్చులు, నాలా, నా చివర. అర్జీ మాత్రం పెట్టలేదు. నకలు పట్టుకుని పైకొచ్చి మా యజమాని ముందు పెట్టింది.

"సంతకం ఎట్టు. ముట్టిందని రాయి. అంతే అడుగుతన్నాను."

"కేసేత్తావా అక్కా?"

"ఎయ్యాలంటే ఈపాటికి ఎయ్యనా? నువ్వు కోసుకుంటావా, నన్ను కోయించమంటావా?"

సంతకం పెట్టాడు. ఆదివారం పడవ దిగి, రేకు కత్తెర అరువు తెచ్చి, నా చివర తనే కోశాడు. మూరెడు కన్నా నాలుగు వేళ్ళు ఎక్కువే పోయింది. నొప్పి గురించి అడక్కండి, సునామీ రేకులకి అది లెక్కలోది కాదు. పీవీసీ గొట్టాన్ని నిలువునా రెండుగా చీల్చి నా అంచుకి కట్టి, నీళ్ళు ఎగువ వైపు డ్రమ్ములోకి తిప్పారు. గొట్టం డబ్బు ఎవరిదన్న దగ్గర ఇద్దరూ మళ్ళీ అరుచుకున్నారు. నాలాలో ముక్కలు కొడుకు ఎత్తాడు. గోడ బాగుచేతకి సగం ఇస్తానన్నాడు మా వాడు, ఇంకా ఇవ్వలేదు.

పెద్ద తప్పు అలాగే ఉంది. అది నేనే. ఇది భూకంపాల ముప్పు బాగా ఎక్కువున్న నేల. కమ్మీలు లేకుండా పేర్చిన హాలోబ్లాకుల మీద నన్ను పెట్టి, కింద బాలింతని పడుకోబెట్టడం ఎంత వరకూ మంచిది? ఆ మాట అక్కే అంది, తన గోడ ఎండాక. ఎనకాల కాదు, ప్లాను పాస్ చేయించి పైన ఏసుకో అంది. పైన గది అంటే ఇసుక, సిమెంటు, కమ్మీలు, అన్నీ ఓడ మీద రావాలి. అప్పు పుట్టాలి. ఊరికి శ్రీ విజయపురం అని 2024లో కొత్త పేరు వచ్చింది గానీ సిమెంటు బస్తా మాత్రం పాత దారినే రావాలి.

మొన్న మా వాడు నిజంగానే డ్రాఫ్ట్స్‌మన్ చేత గీతలు గీయించుకుని వచ్చాడు. మొదటి అంతస్తు, ఒక గది, చిన్న వసారా. కాయితం చుట్ట పట్టుకుని ముందు అక్క దగ్గరికే దిగాడు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని కాసేపు చూసింది.

"మెట్లు ఎటు దిగుతాయి తమ్ముడూ?"

అతను వేలు పెట్టి చూపించాడు. ఆవిడ లోపలికి వెళ్ళి టేపు తెచ్చింది.