నిలువు పిడికిలి, అడ్డ పిడికిలి

నిలువు నామాలకూ అడ్డ నామాలకూ మధ్య తగవులు తాతల కాలంతోనే సరి అనుకున్నాం. అవి వీసా తీసుకుని గల్ఫ్ వెళ్లిపోయాయని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. దుబాయ్ కరామాలోనో షార్జా అల్ నహ్దాలోనో సాయంత్రంపూట కరాటే క్లాసు దగ్గర కాసేపు నిలబడండి. లోపల ఏసీ గదిలో తెల్లబట్టల పిల్లలు వరసకట్టి గాలిని గుద్దుతుంటారు. అసలు పోటీ మాత్రం బయట, కుర్చీల్లో కూర్చున్న తండ్రుల మధ్య.

"మావాడిది షోటోకాన్ అండీ. పిడికిలి నడుం దగ్గర వెల్లకిలా మొదలై, చివరి జానెడులో గిర్రున తిరిగి బోర్లా పడుతుంది. పవరంతా ఆ మెలికలోనే ఉంది."

"మెలికా? మణికట్టు పట్టేస్తుంది సార్. మాది ఇస్షిన్ ర్యూ. పిడికిలి నిలువుగా, బొటనవేలు పైన. సైన్స్ అండీ, సైన్స్!"

ఒకరిది అకౌంట్స్, మరొకరిది సేఫ్టీ డిపార్ట్‌మెంట్. ఇద్దరూ జన్మలో ఒక్కర్నీ గుద్దిన పాపాన పోలేదు. అయినా ఎదుటివాడి శైలితో ప్రాణాలకే ప్రమాదమని ఇద్దరికీ గట్టి నమ్మకం.

ఆ సైన్స్ సంగతీ చూద్దాం. తత్సువో షిమాబుకు అనే ఒకినావా గురువు పెద్ద పెద్ద ఉద్దండుల దగ్గర విద్య నేర్చి, 1956లో ఇస్షిన్ ర్యూ పేరుతో సొంత కుంపటి పెట్టుకున్నాడు. ఆ దీవిలో ఉన్న అమెరికన్ మెరైన్లు దాన్ని తమ దేశానికి మోసుకెళ్లారు. నిలువు పిడికిలికి ఆ శైలివాళ్లు చెప్పే కారణంలో కొంత నిజం లేకపోలేదు. ముంజేతిలో ఉన్న రెండు ఎముకలు పిడికిలి నిలువుగా ఉన్నప్పుడు దాదాపు పక్కపక్కనే ఉంటాయి, బోర్లిస్తే ఒకదాన్నొకటి దాటుకుంటాయి. సరే, ఒప్పుకున్నాం. కానీ పిడికిలి బోర్లించి కొట్టే బాక్సర్లు తరతరాలుగా మనుషుల్ని పడగొడుతూనే ఉన్నారు. వాళ్ల చేతిలో పడినవాడెవడూ లేచి, "నీ ఎముకలు దాటుకున్నాయి, ఈ దెబ్బ చెల్లదు" అనలేదు.

చిటికెనవేలి మెటిక దగ్గర ఎముక విరిగితే డాక్టర్లు దాన్ని బాక్సర్ ఫ్రాక్చర్ అంటారు. కోపంలో గోడను గుద్దినవాళ్లే దానితో ఎక్కువగా ఆస్పత్రికి వస్తారు. చూపుడువేలు, మధ్యవేలు మెటికలతో సూటిగా తగిలించడం వస్తే నిలువైనా అడ్డమైనా ఒకటే. రాకపోతే రెండు శైలులకూ కట్టే పిండికట్టు ఒకటే. గుద్దుకు బలం పాదం నేలను తన్నడంలో పుడుతుంది. తుంటి తిరిగి, భుజం దాటి, సరైన దూరంలో, సరైన క్షణంలో అవతలివాడికి చేరుతుంది. మణికట్టు ఆ ప్రయాణంలో ఆఖరి స్టేషన్. ముందున్నవన్నీ వదిలేసి దాని గురించే తగువులాడటాన్ని మనవాళ్లు ఏనాడో నేల విడిచి సాము అన్నారు.

ఈ తగవు తీరే అవకాశం దుబాయ్‌కి నడిచొచ్చింది కూడా. 2021 నవంబరులో ప్రపంచ కరాటే చాంపియన్‌షిప్ అక్కడి హమ్‌దాన్ స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లోనే జరిగింది. కుమిటేలో, అంటే ఎదురెదురు పోరులో, పాయింటు ఇవ్వడానికి జడ్జీలు చూసేవి చక్కటి రూపం, క్రీడాస్ఫూర్తి, ఊపు, అప్రమత్తత, సమయం, దూరం. బొటనవేలు ఏ దిక్కు చూస్తోందన్న పద్దు అందులో లేదు. పైగా గుద్దుకు వచ్చేది 1 పాయింటు, తలకు తగిలే తన్నుకు 3. శైలి చూసి మార్కులిచ్చేది కటాలో. అక్కడ ఎదుటివాడు ఉండడు, దెబ్బ గాలికే. ఆ పోటీలో పురుషుల కటా స్వర్ణం కూడా షోటోకాన్, గోజు, షిటో, వాడో అనే నాలుగు పెద్ద శైలుల్లో దేనికీ దక్కలేదు. ర్యూయి ర్యూ అనే చిన్న సంప్రదాయానికి చెందిన రియో కియునా పట్టుకుపోయాడు.

అంతకు మూడు నెలల ముందు టోక్యో ఒలింపిక్స్‌లో ఇంకా చిత్రం జరిగింది. 75 కిలోల పైబడిన విభాగం ఫైనల్లో సౌదీ కుర్రాడు తారెగ్ హమేదీ 4-1తో ముందున్నాడు. అతని తన్ను తగిలి ఇరాన్‌కు చెందిన సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు, స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. అదుపు లేకుండా కొట్టాడని హమేదీని అనర్హుణ్ని చేశారు. బంగారం పడిపోయినవాడిది. గట్టిగా తగిలితే ఓటమి అయ్యే ఆటకు "ఒక్క దెబ్బతో మట్టి కరిపించే మా పిడికిలి" అని బ్రోచర్ వెయ్యడానికి ఎంత ధైర్యం కావాలి!

రింగు వదిలి వీధిలోకి వస్తే ఎమిరేట్స్‌లో సంగతి మరీ తేలిక. అక్కడ ఎవరికైనా మధ్యవేలు చూపిస్తేనే కేసు, పైన దేశం దాటించే ప్రమాదం. ఒక్క వేలికే ఇంత గతి పట్టే చోట అయిదు వేళ్లనూ ఏ కోణంలో మడవాలన్నది లాయరు చూసుకోవలసిన విషయం. ఆ దేశం తన బడిపిల్లలకు ఎంచుకున్నది జియుజిత్సు. అబుదాబి బడుల్లో 2008లో మొదలైన ఆ విద్యలో గుద్దులే ఉండవు.

మరి ఈ ప్రత్యేక పిడికిలి ఎందుకు బతికుంది? బోర్డు మీద రాసుకోవడానికి. ఇల్లు మారి పిల్లాణ్ని కొత్త క్లాసులో చేర్చి చూడండి. కొత్త మాస్టారు వాడి చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచి, "అంతా తప్పు నేర్పారండీ, తెల్ల బెల్టు నుంచి మొదలెట్టాలి" అంటారు. నారింజ బెల్టుదాకా కట్టిన ఫీజులన్నీ ఆ ఒక్క పెదవి విరుపులో కొట్టుకుపోతాయి. ఒకే రూపాన్ని వేలసార్లు సాధన చేస్తే మణికట్టు గట్టిపడుతుంది, కాదనం. గట్టిపరిచేది సాధన, సైన్‌బోర్డు కాదు.

కాబట్టి ఈసారి మాస్టారిని రెండే ప్రశ్నలు అడగండి. మావాడు వారంలో ఎన్నిసార్లు ప్యాడ్ మీద గుద్దుతున్నాడు? ఎదురుగా కదిలే మనిషిని పెట్టి ఎన్నిసార్లు చేయిస్తున్నారు? జవాబు రాకపోతే పిల్లాడు పిడికిలి నిలువుగా పట్టినా అడ్డంగా పట్టినా ఒకటే. గ్రేడింగ్ ఫీజు అందుకునేటప్పుడు మాత్రం శైలీభేదం లేకుండా అందరు మాస్టార్లదీ తెరిచిన అరచెయ్యే.