మైక్రోఫారడ్ల మహాప్రభువులకు

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వారి దివ్య సముఖమునకు,

విషయం: అర హార్స్‌పవర్ మోనోబ్లాక్ మోటారు కండెన్సర్ మీద చెరిగిపోయిన అంకెల గురించి.

అయ్యా, అమ్మా,

ఐఎస్‌ఐ మార్కు మీ చేతిలోదే. తూనికలు కొలతల చట్టమూ మీదే. 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు తెరిచిన ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ కూడా మీదే. ముగ్గురు దేవుళ్లూ ఒకే గుళ్లో ఉన్నారు గనక ఒక్క కొబ్బరికాయతో పని అవుతుందేమోనని ఈ లేఖ.

మా సంపు మీది మోటారు స్విచ్ వేస్తే మూలుగుతోంది, తిరగడం లేదు. ఈ జబ్బు పేరు మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు: కండెన్సర్ పోయింది. ఇళ్లకొచ్చే సింగిల్ ఫేజ్ కరెంటుతో మోటారులో పుట్టే అయస్కాంత క్షేత్రం అటూ ఇటూ ఊగుతుందే తప్ప గుండ్రంగా తిరగదు. అందుకని స్టార్టింగ్ కాయిల్‌కు కండెన్సర్ తగిలించి, అందులో కరెంటును రన్నింగ్ కాయిల్ కరెంటు కంటే ముందుకు జరుపుతారు. ఆ తేడాతోనే రోటారు కదులుతుంది. కండెన్సర్ చచ్చిన సీలింగ్ ఫ్యాన్‌ను చూడండి, కర్రతో రెక్కను ఎటు తోస్తే అటే తిరుగుతుంది. (ఈ గుణం ఇంకెక్కడైనా కనిపిస్తే అది మీ శాఖ పరిధిలోకి రాదు లెండి.)

వస్తువు చవకే. మెకానిక్ ఇంటికొచ్చినందుకు తీసుకునేదానికంటే తక్కువే. చిక్కల్లా ఏది కొనాలన్నదే. మా కండెన్సర్ ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా. దాని మీద ఒకప్పుడు అంకెలుండేవి. సంపు చెమ్మ, మోటారు వేడి కలిసి వాటిని తినేశాయి. మిగిలింది ‘±5%’ ఒక్కటే. అంటే తేడా ఐదు శాతం దాటదని హామీ ఇచ్చారు, దేనిలో ఐదు శాతమో మాత్రం దేవుడికే తెలియాలి.

పోనీ మోటారు పలక చూద్దామా? హార్స్‌పవర్, వోల్టులు, ఆంపియర్లు, నీళ్లను ఎన్ని మీటర్ల ఎత్తుకు తోస్తుందో అన్నీ చెక్కి ఉన్నాయి. కండెన్సర్ విలువ, అంటే అది ఎన్ని మైక్రోఫారడ్‌లదో, లేదు. కొన్ని కంపెనీలు చెక్కుతాయి, అవి చల్లగా ఉండాలి. మాది వాటిలో చేరదు. మల్టీమీటర్ పెట్టి చూసుకోమని సలహా ఇచ్చారు తెలిసినవాళ్లు. చచ్చిన కండెన్సర్ మీటరుకు చూపేది ఇప్పుడు మిగిలిన విలువను, పుట్టినప్పటిది కాదు.

ఫ్యాన్ల సంగతి నయం. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్లకు చాలావరకు రెండున్నర మైక్రోఫారడ్‌లదే. కొట్టువాడు కళ్లు మూసుకుని ఇస్తాడు. నీళ్ల మోటారుకూ అలాగే కళ్లు మూసుకుని ఇస్తున్నాడన్నదే నా బాధ.

“మోటారెంత సార్?”

“అర హెచ్‌పీ.”

“పది పెట్టండి.”

పక్క కొట్టాయన పన్నెండున్నర తీశాడు. “ఇది పెట్టండి సార్, గట్టిగా లాగుతుంది.”

లాగుతుంది నిజమే. మైక్రోఫారడ్‌లు ఎక్కువైతే స్టార్టింగ్ కాయిల్ కరెంటును ఎక్కువ లాగి వేడెక్కుతుంది, తక్కువైతే మోటారుకు కదిలే బలం చాలదు. ఎటు పోయినా దారి రీవైండింగ్ షాపుకే. వోల్టుల దగ్గరా ఇదే తంతు. ఇంట్లో ఉన్నది 230 కదా అని 250 వోల్టులది అంటగట్టేవాళ్లున్నారు. మోటారు తిరుగుతున్నప్పుడు కండెన్సర్ రెండు కొసల మధ్య వోల్టేజీ ఇంటి వోల్టేజీని దాటిపోతుంది, అందుకే దాని మీద 440 అని ఉంటుంది. ఇక కొన్ని పెద్ద మోటార్లకు రెండు కండెన్సర్లు. వందో నూటఇరవయ్యో మైక్రోఫారడ్‌ల స్టార్ట్ కండెన్సర్ కొద్ది సెకన్లే పని చేసి తప్పుకోవాలి. దాన్ని రన్ కండెన్సర్ చోట పెడితే ఉబ్బి పగులుతుంది.

ఆయుష్షుకూ లెక్క ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60252 ప్రకారం ఏ క్లాసు 30,000 గంటలు, బీ 10,000, సీ 3,000, డీ 1,000. ధైర్యం చేసి అడిగాను: “ఇది ఏ క్లాసు బాబూ?”

“ఫస్ట్ క్లాసు సార్. గ్యారంటీ మాత్రం లేదు.”

ధర, తయారైన నెల, ఫిర్యాదు చేయాల్సిన ఫోన్ నంబరు ప్యాకెట్ మీద ఉండాలని మీ చట్టం. ఉండే ఉంటాయి. ఆ అట్టపెట్టె ఎప్పుడో చెత్తబుట్టలో పడింది, సరుకు మాత్రం ట్రేలో గుట్టగా పోసి ఉంది.

మీ పోర్టల్‌లో ఫోన్లు, కార్లు, ట్రాక్టర్లు, ఇంటి సామాన్లు అని నాలుగు విభాగాలు చేశారు. సంతోషం. కానీ బాగుచేసుకునే హక్కు ఉన్నవాడికి ఏ భాగం కొనాలో తెలిసే దారి కూడా ఉండాలి కదా. మా రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైన తొలి ఏళ్లలో, పొలం మోటార్లకు కెపాసిటర్లు (కండెన్సర్లకే ఇంకో పేరు) పెట్టుకోవాల్సిందేనని రైతుకు షరతు పెట్టారు. అది పవర్ ఫ్యాక్టర్ బాగుపడటానికి, మంచి పనే. రైతుకు షరతు పెట్టగలిగిన సర్కారు కంపెనీకి ఒక్క షరతు పెట్టలేదా?

కోరేది చిన్నదే. సింగిల్ ఫేజ్ మోటారు పలక మీద, హార్స్‌పవర్ పక్కనే, కండెన్సర్ మైక్రోఫారడ్‌లు, వోల్టులు, స్టార్ట్‌దా రన్‌దా అన్నవి చెక్కించండి. సిరాతో అచ్చు కాదు, చెక్కడమే. ఆ నిబంధన ఇప్పటికే మీ పుస్తకంలో ఉంటే దయచేసి దాన్ని సంపు దాకా నడిపించండి.

ఇట్లు,
సంపులో నీళ్లుండి ట్యాంకులో లేని ఒక వినియోగదారుడు

తా.క.: ఇది చదువుతున్న ఇరుగుపొరుగు వారికి: మీ మోటారు బాగా తిరుగుతున్నప్పుడే కండెన్సర్ మీది అంకెల ఫొటో తీసి పెట్టుకోండి. మెయిన్ ఆపేశాక కూడా దాని కొసలు చేత్తో ముట్టుకోకండి. అందులో కరెంటు నిలవుంటుంది.